రోజువారీ బండిగా స్పోర్ట్సు కారు

"అక్కా, నాకొక డైలీ డ్రైవర్ కావాలి. ఏది తీసుకోమంటావు?" అని క్రిందటి సంవత్సరం మా చెల్లెలు అమెరికా నుంచి ఫోను చేసింది. "ఏదేమిటే, మనిషిని పట్టుకుని! తాగుడు అలవాటు లేనివాణ్ణి, నిదానస్తుణ్ణి చూసి పెట్టుకో" అన్నాను. అది పావుగంట నవ్వింది. డైలీ డ్రైవర్ అంటే డ్రైవరు కాదట. రోజూ ఆఫీసుకీ, బజారుకీ, పిల్లల బడికీ నడుపుకునే కారట. ఆదివారం తుడిచి బయటికి తీసే ముచ్చట బండి వేరు, రోజువారీ బండి వేరు. పట్టుచీరకూ ఇంట్లో కట్టుకునే నేతచీరకూ వున్న తేడా అన్నమాట. మా చెల్లెలి కోరిక ఏమిటయ్యా అంటే, ఆ పట్టుచీరే రోజూ కట్టుకోవాలని! గంటకు మూడు వందల కిలోమీటర్ల దాకా పోగల స్పోర్ట్సు కారులో రోజూ ఆఫీసుకు వెళ్లిరావాలని.

ఈ గొడవ మనకెందుకని రేడియో కట్టెయ్యకండి. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో వున్న మన పిల్లలు ఇలాంటి బండి కొంటామని ఇప్పుడు అంటూనే వున్నారు. అప్పుడు మనం "వద్దు" అనో, "నీ ఇష్టం" అనో తప్ప మూడో మాట అనలేకపోతున్నాం. నా చదువు పదో తరగతితో ఆగింది, నేను ఇంజనీరును కాను. కాని ఇరవై ఏళ్ల పైన సంసారం నడుపుతున్నదాన్ని. వస్తువు కొనేటప్పుడు ఏమేం అడగాలో మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా చెల్లెలికి నలభై రెండేళ్లు. డాలస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో అనే వూళ్లో కాపురం. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ వూరది. ఇంట్లో భర్త, పధ్నాలుగేళ్ల కూతురు, డెబ్భై దాటిన అత్తగారు. ఇంటికో పెద్ద వ్యాను ఎలాగూ వుంది. తన పాత కారు అమ్మేసి, తన జీతంలో కూడబెట్టుకున్న డబ్బుతో స్పోర్ట్సు కారు కొంటానంది. మా మరిదిగారు "ఈ వయసులోనా?" అన్నారట. నేనూ తక్కువ తినలేదు లెండి. "ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవే" అన్నాను. అవతల అది ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు రెండు రోజులు గుచ్చుకుంది. మా చిన్నప్పుడు విజయవాడలో నాన్నగారు అన్నయ్యకు స్కూటరు నేర్పించారు. దీనికి నేర్పించలేదు. ఇది వీధి చివర గంటకు రూపాయి చొప్పున అద్దె సైకిలు తెచ్చుకుని, మోకాళ్లు చీరుకుపోతే పరికిణీతో కప్పుకుని ఇంటికొచ్చేది. మగవాడు నలభై దాటాక ఇలాంటి కారు కొంటే సరదా, ఆడది కొంటానంటే పిచ్చీనా? సరే, సంగతేమిటో తెలుసుకుందామని అప్పుడు పూనుకున్నాను. తెలిసిన మెకానిక్కుల్ని అడిగాను, చెల్లెలు పంపినవి చదివించుకున్నాను. ఆ తరవాత మూడు నెలలు వాళ్లింట్లో వుండి కళ్లారా చూశాను.

మొట్టమొదట అందరూ చెప్పేది హార్సుపవరు. మన స్విఫ్టు కారుకు ఎనభై చిల్లర. మా చెల్లెలు మనసుపడ్డ పోర్షే 911 కొత్త తరం మామూలు రకానికి 380 దాకా, అమెరికా వారి షెవర్లే కార్వెట్‌కు 490. వినడానికి గుండె ఝల్లుమంటుంది. కాని చదునైన రోడ్డు మీద గంటకు వంద కిలోమీటర్ల నిలకడ వేగంతో పోవడానికి మామూలు కారుకు కావలసింది ఇరవై, పాతిక హార్సుపవరే! మిగతాదంతా పాకలో కట్టేసిన కోడెల్లా వుండిపోతుంది. మన హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 2023 నుంచి వేగ పరిమితి 120. జర్మనీలో పరిమితి లేని రోడ్లున్నాయి, అక్కడ కూడా ప్రభుత్వం సలహా ఇచ్చే వేగం 130. అంచేత రోజువారీ బండి అన్నప్పుడు అందరికంటే తక్కువగా వాడేది ఈ హార్సుపవరునే. ఎక్కువగా వాడేది సీటు, తలుపు, డిక్కీ, టైరు, బ్రేకు. ఎంచుకునేటప్పుడు మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది.

ఇలాంటి కారు రోజూ నడపవచ్చునా అన్న ప్రశ్న మా చెల్లెలితో పుట్టింది కాదు. ఒకప్పుడు ఇటలీ స్పోర్ట్సు కార్లంటే బరువైన క్లచ్చి, లోపల ఉడుకు, వెనక ఏముందో కనబడకపోవడం, అన్నీ భరించవలసిందే. ఫెరారీ టెస్టరోసాలో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. పొయ్యి గొట్టం మార్చడానికి వంటిల్లు పడగొట్టినట్టు! 1990లో జపాను హోండా కంపెనీ ఎన్‌ఎస్‌ఎక్స్ అనే కారు తెచ్చింది. ఒళ్లంతా అల్యూమినియం. కూర్చుంటే చుట్టూ కనబడాలి, ఏసీ సరిగా పనిచెయ్యాలి, రోజూ తిప్పినా మొరాయించకూడదు అని పట్టుబట్టి చేశారు. రేసుల్లో పేరుమోసిన అయర్టన్ సెన్నా దాన్ని నడిపి చూసి సలహాలిచ్చాడు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే మహా కారును రూపొందించిన గోర్డన్ మర్రే ఈ హోండాను తానే కొనుక్కుని ఏళ్ల తరబడి తిరిగాడు. అప్పటినుంచి మిగతా కంపెనీల వాళ్లకూ వేగం ఒక్కటే చాలదని తెలిసివచ్చింది.

911 కథ ఇంకా పాతది. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరపు పోర్షే కంపెనీ 1963లో దీన్ని 901 అనే పేరుతో చూపించింది. మధ్యలో సున్నా వున్న మూడంకెల పేర్లు మావని ఫ్రాన్సువారి ప్యూజో కంపెనీ అడ్డుచెప్పడంతో 911గా మారింది. దీని ఇంజను వెనక చక్రాలకంటే వెనకాల వుంటుంది. అందువల్ల ముందు బానెట్టు కింద డిక్కీ వుంటుంది, సుమారు 130 లీటర్లు. మన స్విఫ్టు డిక్కీలో సగం. ముందు సీట్ల వెనక మరో రెండు బుల్లి సీట్లుంటాయి. వాటిలో పెద్దవాళ్లు కూర్చోలేరు. నేను కూర్చుని చూశాను, మోకాళ్లు గడ్డానికి ఆనాయి. కాని పిల్లలకూ, సంచులకూ, కొబ్బరికాయల బుట్టకూ అవే దిక్కు. కార్వెట్‌కు 2020 నమూనా నుంచి ఇంజను సీట్ల వెనక, నడుమ భాగంలోకి మారింది. రెండే సీట్లు. ముందొక డిక్కీ, వెనకొకటి, రెండూ కలిపి 350 లీటర్లకు పైనే. నడుమ ఇంజను వున్న కార్లలో వెనక డిక్కీ ఇంజను వేడికి గోరువెచ్చగా అవుతుంది. పాలు, ఐస్‌క్రీము ముందు డిక్కీలో పెట్టుకోవాలన్నమాట. ఇవి అమ్మేవాడు చెప్పడు, ఇల్లాలే అడగాలి. ఇంట్లో చంటిపిల్లలుంటే ఇంకొకటి కూడా చూసుకోవాలి. వెనక్కి తిరిగి కూర్చునే పసివాళ్ల సీటును గాలిసంచి పనిచేస్తున్న ముందు సీటులో పెట్టనే కూడదు. రెండే సీట్ల కారులో ఆ గాలిసంచిని ఆపే వీలుందో లేదో తెలుసుకోకుండా బిడ్డను ఎక్కించకండి.

ఇప్పుడు టైర్ల సంగతి. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే వుంది. స్పోర్ట్సు కార్లకు సాధారణంగా వేసవి టైర్లు అనే రకం వేస్తారు. వాటి రబ్బరు వెచ్చగా వుంటేనే రోడ్డును పట్టుకుంటుంది. ఏడు డిగ్రీలకు దిగువన గట్టిపడిపోయి పట్టు తప్పుతుంది. మంచు కురవనక్కరలేదు, చలి చాలు. డాలస్ అంటే ఎండల వూరే గదా అనుకుంటాం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన శీతల తుఫానుకు అక్కడ సున్నాకు 18 డిగ్రీల దిగువకు పోయింది. అంత కాకపోయినా చలికాలపు తెల్లవారుజాముల్లో ఏడు డిగ్రీల లోపు మామూలే. ఆఫీసుకు బయలుదేరేది ఆ వేళకే! అందుకని రోజూ నడిపేవాళ్లు అన్ని కాలాలకూ పనికొచ్చే టైర్లు వేయించుకోవాలి. కార్వెట్ మామూలు రకానికి కంపెనీవాళ్లే అలాంటివి వేసి ఇస్తున్నారు. అందులోనే ఎక్కువ పోటీతనం వున్న రకానికి వేసవి టైర్లు. రెండూ పక్కపక్కన నిలబెడితే మనకు తేడా తెలియదు.

ఇంకో చిక్కు. ఈ కార్లకు వెనక టైర్లు ముందు వాటికంటే వెడల్పు. మన కార్లకు మార్చినట్టు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చి అరుగుదల సరిచేసుకోవడానికి వీల్లేదు. పది, పదిహేను వేల మైళ్లకే వెనక టైర్లు అరిగిపోవడం వింతకాదు. మా చెల్లెలి ఆఫీసు ఇరవై ఎనిమిది మైళ్లు. రానూ పోనూ 56. ఏడాదికి 250 రోజులు వేసుకుంటే 14,000 మైళ్లు. అంటే రమారమి ఏడాదికొక జత! నాలుగూ కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. స్టెప్నీ కూడా వుండదు. 911తో రంధ్రం పూడ్చే జిగురు డబ్బా ఇస్తారు, కార్వెట్‌కు గాలి పోయినా కొంత దూరం పోగల టైర్లు వేస్తారు.

ఎత్తు గురించి మన వూళ్లవాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. స్విఫ్టు అడుగు భాగం నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తున వుంటుంది. స్పోర్ట్సు కార్లది వంద, నూటపాతిక మధ్య. మన దేశంలో రోడ్ల సంస్థ నిర్ణయించిన పద్ధతిలో స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నున్నగా వుండాలి. మన కాలనీల్లో అలాంటిది ఎక్కడైనా చూశారా? మనవి గోడ పడుకున్నట్టుంటాయి. హైదరాబాదులో ఇలాంటి కారు కొంటానన్న మేనల్లుడికి నేనిచ్చిన సలహా ఒక్కటే, ముందు మీ వీధి మలుపు నుంచి ఆఫీసు సెల్లారు దాకా టేపు పట్టుకుని కొలువు అని. వాడు అలిగాడు. కొన్ని కార్లకు మీట నొక్కితే ముక్కు నాలుగు సెంటీమీటర్లు లేచే ఏర్పాటుంది. కార్వెట్‌లో అయితే ఎక్కడెక్కడ లేవాలో వెయ్యి చోట్లు గుర్తుపెట్టుకుని తనంతట తనే లేస్తుందట! డబ్బు ఎక్కువైనా రోజువారీ బండికి ఈ ఏర్పాటు వుండవలసిందే అంటాను. పెద్ద చక్రాలు, తోలు కుట్లు, ఎర్ర బ్రేకులు, ఇవన్నీ ఆ తరవాతే. అన్నట్టు పింగాణీ బ్రేకులని ఒక రకం అమ్మజూపుతారు. ఖరీదు చుక్కలంటుతుంది, చల్లగా వున్నప్పుడు కీచుమంటాయి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు వాటితో పనిలేదు.

ఇంజను విషయంలో భయపడినంత లేదు. పెనం కాగకముందే అట్టు పోస్తే ఏమవుతుందో మనకు తెలుసు గదా? ఆయిలు వేడెక్కకముందే ఇంజనును ఉరికించకూడదు, అంతే. రెండు మైళ్లు పోయి ఆపేసే ప్రయాణాలు దీనికి చేటు. లోపల చెమ్మ ఆరదు, ఆయిలు పాడవుతుంది. ఇరవై ఎనిమిది మైళ్లు పోవడం నిజానికి మంచిదే. నెలల తరబడి ముసుగేసి నిలబెడితేనే బ్యాటరీ దిగిపోవడం, టైర్లు ఒకవైపు చదునెక్కడం. పెట్రోలు మాత్రం మంచి రకమే పొయ్యాలి. టెక్సాసు బంకుల్లో మామూలుది 87, మేలైనది 93 అని రాసి వుంటుంది. ఆ అంకె పెట్రోలు బలానికి గుర్తు కాదు, ఇంజనులో వేళకాని వేళ అంటుకోకుండా వుండే ఓర్పుకు గుర్తు. మన దేశంలో ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనక, పాత దిగుమతి కారు కొనేవాళ్లు దాని పుస్తకంలో ఎంతవరకు పనికొస్తుందని రాశారో చూసుకోవాలి.

ఇక డబ్బు. కొత్త 911 మా చెల్లెలి అందుబాటులో లేదు. సెకండ్ హ్యాండులో 2005 నాటిది చవగ్గా వచ్చింది. మామూలు సెడాను ఖరీదే! "చూశావా అక్కా" అని మురిసిపోయింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బండి పాతబడితే దాని ధర తగ్గుతుంది గాని, విడిభాగాల ధర తగ్గదు. పాతికవేలకు కొన్న పాత పోర్షే అయినా దాని బ్రేకులూ, క్లచ్చీ, నీళ్ల పంపూ కొత్త పోర్షే ధరలోనే వస్తాయి. ఏనుగును అగ్గువకు కొన్నామని అది మేత తగ్గించదు గదా. పైగా 1990ల చివరి నుంచి 2008 దాకా వచ్చిన మామూలు 911లలో ఇంజను లోపల ఒక బేరింగు ఉన్నట్టుండి అరిగిపోయి, ఇంజనునే మింగేసే అవకాశం వుందని ఆ కార్ల గురించి తెలిసినవాళ్లందరూ ఎరిగినదే. అన్నిటికీ అలా జరగదు. ముందే మార్పించుకున్నవీ వున్నాయి. కాని అది మార్చారా లేదా అన్నదానికి రసీదు చూపించని బండి జోలికి పోకూడదు. 2009 నమూనా నుంచి కొత్త ఇంజనులో ఆ బేరింగే తీసేశారు. గేర్లు వాటంతట అవే చకచకా మారే రెండు క్లచ్చిల ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. ట్రాఫిక్కులో ఎడమకాలు నొప్పి పుట్టదు.

ఇన్సూరెన్సు మాట మా మరిదిగారు ఎత్తారు, సరిగానే ఎత్తారు. రెండేళ్లలో అమ్మాయికి పదహారొస్తాయి, లైసెన్సు తీసుకుంటుంది. ఇంట్లో పదహారేళ్ల పిల్ల, స్పోర్ట్సు కారు కలిస్తే ప్రీమియం ఎక్కడికో పోతుంది. బండి ఆ పిల్లకు ఇవ్వమని ముందే తేల్చుకుని, ఇన్సూరెన్సు వాళ్లను అడిగి, కాగితం మీద అంకె రాయించుకోమన్నాను. బండి అదుపు తప్పకుండా కాసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు అమెరికాలో 2012 నుంచి ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి. అంతకు పాతదయితే వుందో లేదో అడగాలి. వుంటే ఆ మీట ముట్టుకోకూడదు. పాతకాలపు 911 మలుపులో కంగారుపడి కాలు తీసేస్తే తోక తిప్పేదని ప్రసిద్ధి.

ఇంత చెప్పుకున్నాక ఒక రోజుకు 911 అద్దెకు తెప్పించమన్నాను. ఆదివారం కాదు, మంగళవారం. షికారుకు వద్దు, మామూలుగా ఎటు తిరుగుతావో అటే తిరుగు అన్నాను. పొద్దున్న టోలు రోడ్డు మీద బారులు తీరిన బళ్ల మధ్య నలభై నిమిషాలు నిలబడుతూ కదులుతూ పోయింది. అక్కడి రోడ్లు చాలావరకు కాంక్రీటు. వెడల్పు టైర్లు ఆ కాంక్రీటు మీద ఒకటే హోరు. ఫోనులో నేను మాట్లాడింది సగం వినబడలేదంది. సాయంత్రం అమ్మాయిని బడినుంచి కూచిపూడి క్లాసుకు దింపింది. ఇరవై పౌన్ల బియ్యం మూట, గోంగూర కట్టలు ముందు డిక్కీలో పట్టాయి. ఇంటి ముందు వాలు ఎక్కేటప్పుడు కింద గర్రుమంది. ఏటవాలుగా ఎక్కిస్తే తగలలేదు. చివరికి అత్తగారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. ఆవిడ పాపం సరదాపడి కూర్చున్నారు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లు లేవలేదు. నేనూ, చెల్లెలూ చెరొక చెయ్యీ పట్టుకుని లేపవలసి వచ్చింది. "బాగానే వుంది గాని అమ్మాయ్, బావిలో కూర్చున్నట్టుంది" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఖాళీ ర్యాంపు మీద కాలు నొక్కింది. నాలుగు సెకన్లు వుంటుందేమో. నా వీపు సీటుకు అతుక్కుపోయింది, రామ రామ అనుకున్నాను. టోలు రోడ్డు మీదికి రాగానే మళ్లీ అందరితోపాటే నిదానంగా పోయింది. నేను రోడ్డు చూడలేదు, దాని మొహం చూశాను. గంట సైకిలు తెచ్చుకున్న రోజుల మొహం అది. ఆ రాత్రి మా మరిదిగారు "ఆ నాలుగు సెకన్ల కోసం ఇంత డబ్బా?" అన్నారు. "మిగతా యాభై నిమిషాలు ఎలా వుంటుందో ఇవాళ చూసే అంటున్నాను" అంది. నాకు ఆ జవాబు నచ్చింది.

కార్వెట్‌కు రెండే సీట్లు కనక అమ్మాయీ, అమ్మాయి స్నేహితురాలూ కలిసి ఎక్కలేరని దాన్ని వదిలేసింది. 2012 తరవాతి తరం 911లు చూడసాగింది. మొదటిదాన్ని కొనకముందే వేరే మెకానిక్కుకు డబ్బిచ్చి పరీక్ష చేయించింది. ఒక తలుపు మీద రంగు మళ్లీ వేసినట్టూ, వెనక టైర్లు రెండూ రెండు కంపెనీలవైనట్టూ తేలింది. టైర్లలో కక్కుర్తిపడ్డవాడు ఆయిలులో పడకుండా వుంటాడా? వదిలేసింది. పరీక్షకు అయిన డబ్బు దండగ అని ఇంట్లో ఒక్కరూ అనలేదు. మూడు నెలల తరవాత రసీదుల కట్టతో సహా ఒకటి దొరికింది. వేసవి టైర్లు తీయించి అన్ని కాలాలవి వేయించింది. వసంతకాలంలో అక్కడ పడే వడగళ్లకు కారు పైభాగం సొట్టలు పోతుంది కనక గ్యారేజీలోని పాత సామానంతా ఖాళీ చేసి బండికి చోటు చేసింది. ఆ పని చేసింది మా మరిదిగారు!

ఇప్పుడు నెలనెలా జీతం రాగానే కొంత వేరే ఖాతాలో వేస్తోంది. ఆ ఖాతాకు టైర్లు అని పేరు పెట్టుకుంది. అత్తగారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేది మాత్రం వ్యానులోనే.